ఎర్రనీరు తగ్గాకే పచ్చనీరు: గౌతమి మొగలో వృక్షప్లవకాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ధవళేశ్వరం దాటాక గోదావరి రెండు పెద్ద పాయలవుతుంది. తూర్పుపాయ గౌతమి, పడమటిపాయ వశిష్ఠ. గౌతమి యానాం పక్కగా పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. మొగ నుంచి పైకి చాలా దూరం తీపినీళ్లూ ఉప్పునీళ్లూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూనే ఉంటాయి. అక్కడ వృక్షప్లవకాల నమూనాల కోసం పడవలో సీసాలూ సన్నని వలా పెట్టుకుని మేం కనిపిస్తే చాలు, రేవులో ఉన్నవాళ్లు ప్రశ్నలు మొదలుపెడతారు. ఎక్కువగా వచ్చేవి ఇవి.

వృక్షప్లవకాలంటే నాచేనా?

నాచుకు చుట్టాలే గానీ, రాళ్లకు పట్టే పాకుడూ చెరువు మీద తేలే తెట్టూ కాదు. ఇవి నీళ్లలో విడివిడిగానో చిన్న గొలుసులుగానో తేలుతూ ఉండే ఒంటికణం మొక్కల్లాంటి జీవులు. మన వలలో పడేవి చాలావరకు 20 నుంచి 200 మైక్రాన్ల మధ్య ఉంటాయి (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 2 మైక్రాన్లకన్నా చిన్నవీ లెక్కలేనన్ని ఉంటాయి, అవి ఏ వలలోనూ ఆగవు. ఎండను పట్టి ఆహారం తయారుచేసుకోవడం, ఆక్సిజన్ వదలడం చెట్ల పనే. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రాల్లోని ఈ జీవులే చేస్తాయి.

మొగలో ముఖ్యంగా కనిపించేది డయాటమ్‌లు. వీటి పైపెంకు సిలికాతో, అంటే గాజు లాంటి పదార్థంతో తయారవుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే చెక్కిన గాజు డబ్బాల్లా ఉంటాయి. రెండు సన్నని తోకలతో ఈదే డైనోఫ్లాజెల్లేట్లు, నీలి ఆకుపచ్చ రకాలు, తీపినీళ్లలో పెరిగే ఆకుపచ్చ రకాలు మిగతావి.

రొయ్యల రైతులకు ఇదంతా కొత్తేం కాదు. చెరువులో ‘కలర్ వచ్చింది’, ‘బ్లూమ్ బాగుంది’ అని రోజూ మాట్లాడుకునేది వీటి గురించే. ఇవి నీళ్ల రంగు మారేంతగా గుంపుగా పెరగడమే బ్లూమ్.

ఏడాదిలో ఇవి ఎప్పుడు ఎక్కువ?

వరద రోజుల్లో అతి తక్కువ. వరద తీసి, ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఒక్కొక్కటిగా దించే అక్టోబరు, నవంబరు రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువ. ఆ తర్వాత మళ్లీ తొలకరి దాకా మధ్యస్తంగా, పోటుపాటులను, అంటే సముద్రం ఎగదన్నడాన్నీ వెనక్కి తీయడాన్నీ బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. అందరూ వరదలోనే ఎక్కువనుకుంటారు. అందుకే తర్వాతి ప్రశ్న తప్పకుండా వస్తుంది.

వరదనీళ్లలో బలమంతా ఉంటుంది కదా, అప్పుడే ఎందుకు పెరగవు?

బలం ఉన్న మాట నిజమే. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే నది ఇది. పై భాగంలో దక్కను నల్లరాతి నేలల మీదుగా వస్తుంది కాబట్టి సిలికా దండిగా కరిగి ఉంటుంది. పొలాల్లో చల్లిన ఎరువుల్లోంచి నైట్రేటు, ఫాస్ఫేటు కలుస్తాయి. తిండికి కొదవ లేదు. లేనివి రెండు: వెలుతురు, సమయం.

ముందు వెలుతురు. జులైలో ఎర్రనీరు దిగినప్పుడు నీళ్లలో చేయి పెడితే మణికట్టు దాటేసరికి వేళ్లు కనపడవు. ఎండ పైపొరలోనే ఆగిపోతుంది. పైగా ప్రవాహం నీటిని కింది నుంచి పైకి, పైనుంచి కిందికి కలియబెడుతూనే ఉంటుంది. ఒక్కో కణం ఎండ తగిలే పైపొరలో గడిపేది కాసేపు, చీకట్లో తిరిగేది ఎక్కువసేపు. చీకట్లోనూ అది ఊపిరి తీసుకోవాలి, అంటే దాచుకున్నది ఖర్చుపెట్టాలి. సంపాదన కన్నా ఖర్చు ఎక్కువైన కాపురం ఎన్నాళ్లు సాగుతుంది?

ఇక సమయం. నా లెక్కలో అసలు దెబ్బ ఇదే. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 11.75 అడుగుల దగ్గర, అంటే 10 లక్షల క్యూసెక్కులు వదిలేటప్పుడు. క్యూసెక్కంటే సెకనుకు 28.3 లీటర్లు. 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 2.83 కోట్ల లీటర్లు పాయలన్నిటిలోంచి సముద్రం వైపు దూసుకుపోతున్నట్టు. నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలినా రోజుకు 86 కిలోమీటర్లు పోతుంది. ధవళేశ్వరం నుంచి గౌతమి మొగకు అంత దూరం కూడా ఉండదు. డయాటమ్ ఎంత చురుకైనదైనా ఒకటి రెండవడానికి మామూలుగా ఒక రోజు పడుతుంది. అంటే పిల్ల పుట్టేలోపే తల్లి సముద్రంలో ఉంటుంది. ఇల్లు కట్టుకునే వ్యవధే లేనిచోట ఊరెలా పెరుగుతుంది?

వరద రోజుల్లో సీసాలో పడేవి చాలావరకు పైనుంచి కొట్టుకొచ్చిన తీపినీటి రకాలే. యానాం దగ్గర కూడా అప్పుడు నీళ్లు చప్పగానే ఉంటాయి.

మరి వరద తగ్గాక ఏం మారుతుంది?

ఒకటి కాదు, నాలుగు మార్పులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, అదే దీని అందం.

గేట్లు దించడంతో ప్రవాహం నెమ్మదిస్తుంది. నీరు మొగలో నిలిచే కాలం గంటల నుంచి రోజులకు, రోజుల నుంచి వారాలకు పెరుగుతుంది. ప్రవాహపు తోపుడు తగ్గేసరికి సముద్రం అడుగు నుంచి లోపలికి జొరబడుతుంది. ఉప్పునీరు బరువు, తీపినీరు తేలిక. అందుకని ఉప్పునీరు కింద చీలలా దూరి, తీపినీరు పైన పరుచుకుంటుంది. ఇలా పొరలు కట్టాక పైపొరలోని కణం అడుగుకు దిగిపోకుండా ఎండలోనే ఉంటుంది.

ఈలోగా బురద కూడా దిగుతుంది. తీపినీళ్లలో బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. ఉప్పు తగిలితే ఆ నెట్టుడు పోయి, అతుక్కుని ముద్దలై కిందికి జారతాయి. తేటనీరు వస్తుంది. వరద తెచ్చిన సిలికా, నైట్రేటు ఇంకా ఖర్చు కాలేదు. వెలుతురు, తిండి, తీరిక మూడూ ఒక్కసారి కలిసొచ్చే కొద్ది వారాలివి.

అప్పుడు డయాటమ్‌లు ముందుంటాయి. స్కెలెటోనీమా, థలసియోసైరా, కీటోసిరస్ లాంటి గొలుసు రకాలు చకచకా పెరుగుతాయి. నీళ్ల రంగు ఎరుపులోంచి ఒకరకం పచ్చ గోధుమకు తిరుగుతుంది. వీటి ఒంట్లో 106 కార్బన్ పరమాణువులకు 16 నైట్రోజన్, 1 ఫాస్ఫరస్ చొప్పున ఉంటాయనేది పాత సూత్రం. డయాటమ్‌లకైతే నైట్రోజన్‌కు ఇంచుమించు సమానంగా సిలికా కూడా కావాలి. వీటిలో ఏది ముందు అయిపోతే అక్కడితో పెరుగుదల ఆగుతుంది. ఆగేలోపే వీటిని మేసే జంతుప్లవకాలు కూడా పెరిగి విందుకు కూర్చుంటాయి. బ్లూమ్ సన్నగిల్లుతుంది.

వరదలో మొగ నీళ్లు కార్బన్ డయాక్సైడును గాలిలోకి వదులుతాయి. పైనుంచి వచ్చిన ఆకులు, మట్టి, చెత్త కుళ్లడం వల్ల అది ఎక్కువగా పుడుతుంది. బ్లూమ్ వచ్చిన రోజుల్లో ప్లవకాలు ఆ వాయువును లాగేసుకుంటాయి. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు యానాం దగ్గర నమూనాలు తీసి ఈ ఎగుడుదిగుళ్లను నమోదు చేశారు.

రబీకి గేట్లు మూశాక, ఎండాకాలంలో ఏం జరుగుతుంది?

కాలువలకు నీళ్లు పోవడంతో మొగకు పైనుంచి వచ్చే తీపినీరు దాదాపు ఆగిపోతుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టాకు పంట, మొగకు ఉప్పు అనే పంపకం ఇలాగే నడుస్తోంది. సంక్రాంతి దాటాక సముద్రపు నీరు పైపైకి ఎగబాకుతుంది. రోహిణి కార్తె నాటికి యానాం దగ్గర కూడా నీళ్లు నోట్లో పోసుకునేలా ఉండవు.

వెలుతురుకు అప్పుడు లోటు ఉండదు, తిండికే వెతుకులాట. ఊళ్ల మురుగు, చెరువుల నుంచి వదిలే నీళ్లు, అడుగు బురదలో కుళ్లి పైకి వచ్చే పోషకాలు, మడ అడవుల్లోంచి పాటుతో దిగే నీరు, వీటితోనే సరిపెట్టుకోవాలి. సముద్రపు రకాలు లోపలికి వస్తాయి. పెద్ద డయాటమ్‌ల పక్కన సన్నకణాల వాటా పెరుగుతుంది. తక్కువ తిండిని పీల్చుకోవడంలో చిన్న ఒళ్లే మేలు.

అమావాస్య, పౌర్ణమి పోట్ల ప్రభావం ఉంటుందా?

ఉంటుంది, ముఖ్యంగా నదినీరు లేని నెలల్లో. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఊపు ఎక్కువ, అడుగు బురద లేస్తుంది, నీళ్లు మడ్డిగా మారతాయి. అష్టమి ప్రాంతంలో పోటు మెత్తబడి నీళ్లు తేరుకుంటాయి, కణాలకు ఎండ తగులుతుంది. అయితే అడుగు కదిలినప్పుడు బురదలోని పోషకాలూ పైకొస్తాయి. కాబట్టి మొదటి వారం కలిపేది, రెండో వారం పెంచేది అన్నట్టు నడుస్తుంది.

దీనివల్ల ఒక చిక్కుంది. నెలకోసారి వచ్చి, వీలైన గంటలో ఒక సీసా నింపుకుని వెళితే, అది పోటునీరో పాటునీరో తెలియకుండానే ‘ఈ నెల ప్లవకాలు తగ్గాయి’ అని రాసేస్తాం. ఒకే రేవులో పొద్దున తీసిన సీసాకూ మధ్యాహ్నం తీసిన సీసాకూ పోలిక లేకపోవడం మామూలే. సీసా మీద తేదీ ఒక్కటే రాస్తే చాలదు, పోటా పాటా అన్నది కూడా రాయాలి.

గౌతమి, కోరింగ, కాకినాడ తీరం, అంతా ఒకటేనా?

పక్కపక్కనే ఉన్నా మూడూ మూడు రకాలు.

గౌతమి అసలు పాయ. అక్కడ వరదే యజమాని.

కోరింగ, గాడేరు లాంటి పాయలు గౌతమిలోంచి విడిపోయి మడ అడవుల మధ్యగా కాకినాడ అఖాతంలోకి దిగుతాయి. అక్కడి నీరు నెమ్మదస్తురాలు. మడ ఆకులు రాలి నాని, నీళ్లకు పల్చని డికాషన్ రంగు వస్తుంది. ఆ రంగే ఎండలో కొంత భాగాన్ని మింగేస్తుంది. ఆకులు కుళ్లేటప్పుడు పోషకాలు పుడతాయి గానీ, వాటి కోసం బాక్టీరియా కూడా పోటీపడుతుంది. అందుకే మడ అడవి ఎంత సారవంతమైనా, దాని లోపలి కాలువలో ప్లవకాలు మనం అనుకున్నంత ఉండకపోవచ్చు. కాలువ నోటి దగ్గర, నీళ్లు తేటపడే అంచులో లెక్క ఒక్కసారి పెరగడం చూస్తాం. నా మటుకు నాకు నమూనాలు తీయడానికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆ అంచే. పడవ రెండు బారలు జరిగితే నీళ్ల రంగు మారిపోతుంది.

కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ అడ్డుగోడ. గోదావరి తెచ్చిన ఇసుకే పొడుగ్గా పేరుకుని అలల దెబ్బ తగలకుండా కాస్తోంది. లోతు తక్కువ, నీరు ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఒక పక్క ఊరి మురుగు, మరో పక్క మడ అడవి. ఇలాంటి చోట నదిలో వరద లేకపోయినా ప్లవకాలు పెరగడానికి సాకు దొరుకుతుంది. అఖాతంలో గుల్లలు అంతగా పెరగడానికి ఈ మేతే ఆధారం. ఒక్కో గుల్ల రోజంతా నీళ్లు వడకట్టి ప్లవకాలను తింటూనే ఉంటుంది.

పులసకూ వీటికీ సంబంధం ఉందా?

పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊరివాళ్లం కాబట్టి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. సంబంధం ఉంది, అనుకున్న వైపు నుంచి కాదు. సముద్రంలో దీన్ని విలస అంటాం. అది నీళ్లు వడకట్టి ప్లవకాలు తినే చేప. గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదే రోజుల్లో మేత బాగా తగ్గించేస్తుంది. అంటే పులస వచ్చేది నదిలో మేత కోసం కాదు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు కిందికి దిగే వేళకు మేత కావాలి, అప్పటికి వరద తగ్గి మొగ పచ్చబడుతూ ఉంటుంది. తల్లి ఎర్రనీళ్లలో పైకి, పిల్ల పచ్చనీళ్లలో కిందికి.

అదే రోజుల్లో, తూర్పుగాలి తిరిగాక, యానాం మార్కెట్లోకి చీరమీను వస్తుంది. ఒడ్డుకు గుంపుగా చేరే ఆ సన్నని చేపపిల్లల రాకకూ నీళ్లలో మేత పెరగడానికీ కాలం కలుస్తోంది. కాలం కలిసిందని ఒకదానివల్లే ఇంకొకటి అనేయలేం.

నీళ్లు ఒక్కసారి రంగు మారితే భయపడాలా?

జులై ఎరుపు మట్టి, దానికి భయం లేదు. నవంబరు పచ్చగోధుమ మామూలు డయాటమ్ బ్లూమ్. ఎండాకాలంలో సముద్రం మీద రంపపు పొట్టు చల్లినట్టు గోధుమ చారలు కనిపిస్తే అది చాలావరకు ట్రైకోడెస్మియం, గాలిలోని నైట్రోజన్‌ను పట్టుకోగల నీలి ఆకుపచ్చ రకం. రాత్రి అల విరిగేచోట నీలంగా మెరిస్తే నాక్టిలూకా. విశాఖ తీరంలో చాలామంది చూసి ఫోన్లలో తీశారు. అది నిజానికి తోటి ప్లవకాలను మింగి బతికే జీవి.

ప్రమాదం రెండు దారుల్లో వస్తుంది. బ్లూమ్ మరీ చిక్కబడితే రాత్రిపూట అవన్నీ ఆక్సిజన్ పీలుస్తాయి, చచ్చి కుళ్లేటప్పుడు బాక్టీరియా ఇంకా పీలుస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే కారణం ఇదే. రెండోది విషం. కొన్ని డైనోఫ్లాజెల్లేట్ల విషం గుల్లల ఒంట్లో పేరుకుంటుంది, ఉడికించినా పోదు. 1981లో తమిళనాడులో అలాంటి గుల్లలు తిని 3 మంది చనిపోయారు. కాబట్టి నీళ్లు ఎన్నడూ చూడని రంగులో ఉన్నా, చేపలు తేలినా, ఆ చోటి గుల్లలు కొన్నాళ్లు తినకపోవడమే మంచిది.

రొయ్యల చెరువుకు మొగ నీళ్లు ఎప్పుడు తోడుకోవచ్చు?

ఎవరి సెలినిటీ (నీళ్లలో ఉప్పు పాలు) అవసరం వాళ్లది. ఇక్కడ ప్లవకాల వరకే చెబుతాను. బ్లూమ్ చిక్కగా ఉన్న నీటిని నేరుగా చెరువులోకి తోడితే, సెలినిటీ తేడాకు ఆ కణాలు మూకుమ్మడిగా చావొచ్చు. కలర్ పోయింది, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడింది, రాత్రంతా నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర టెన్షన్ అన్న కథ అలా మొదలవుతుంది. పోటు నిండినప్పుడు తోడి, వేరే గుంటలో కొన్ని రోజులు నిలిపి, తేరాక వాడుకునేవాళ్లకు ఈ గొడవ తక్కువ. రెండో మాట కూడా చెప్పాలి: చెరువు కోత అయ్యాక వదిలే నీళ్లు పోయేదీ ఆ మొగలోకే, మళ్లీ మనం తోడుకునేదీ అక్కడి నుంచే.

తుఫాను వస్తే?

పొరలు చెదిరిపోతాయి, బురద లేస్తుంది, వానకు మళ్లీ చిన్న వరద దిగుతుంది. కొద్ది రోజులు ప్లవకాలు పడిపోతాయి. ఆ తర్వాత, అడుగు నుంచి వచ్చిన పోషకాలతో, ఇంకో విడత పెరగొచ్చు. మన తుఫాన్ల కాలమూ బ్లూమ్ కాలమూ ఒకటే కావడంతో అక్టోబరు, నవంబరు లెక్కలు ఏటా ఒకేలా ఉండవు.

వరద సరిగా రాని ఏడాది ప్లవకాలు కూడా తగ్గుతాయా?

తగ్గుతాయనే నేనూ అనుకునేవాణ్ణి. గోదావరి మీద జరిగిన పరిశోధన అందుకు తిరగబడింది: నదినీరు తగ్గినప్పుడు మొగలో బ్లూమ్ ఇంకా తీవ్రమైంది. పైన చెప్పిన లెక్క గుర్తుంటే ఆశ్చర్యం లేదు. వరద బలహీనమైతే కడిగేసే చెయ్యి బలహీనమైనట్టు. నీరు తొందరగా నిలుస్తుంది, తొందరగా తేరుకుంటుంది. తిండి కొంచెం తక్కువైనా కణాలకు తీరిక ఎక్కువ.

2022 జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి పోయాయి. అది ఒక కొస. ఎగువన ఆనకట్టలు పెరిగి, వరద ముక్కలుగా దిగే రోజులు మరో కొస. ఆనకట్టలు నీటినే కాదు, బురదనూ కొంత సిలికానూ ఆపుతాయి. సిలికా తగ్గి, ఎరువుల నైట్రోజన్ అలాగే వస్తూంటే, గాజు పెంకు అక్కర్లేని రకాలకు మేలు. మేతగా పనికొచ్చే డయాటమ్‌ల చోటును డైనోఫ్లాజెల్లేట్లూ నీలి ఆకుపచ్చ రకాలూ ఆక్రమిస్తే, నీళ్లలో పచ్చదనం అంతే ఉన్నా చేపకు తిండి అంతే ఉండదు. కాబట్టి ప్లవకాలు ఎన్ని అనే ప్రశ్న పక్కనే ఏ రకం అనే ప్రశ్న కూడా అడగాలి.

అన్ని నదుల మొగలూ ఇలాగే ఉంటాయా?

చలిదేశాల్లో ఎండే ఋతువును నడిపిస్తుంది, చలికాలం పోయి వెలుతురు పెరగగానే బ్లూమ్. మనకు ఏడాది పొడవునా ఎండా వేడీ ఉంటాయి, కాబట్టి ఋతువంటే నీరే. వానాకాలంలో నది రాజ్యం, మిగతా కాలంలో సముద్రం రాజ్యం అయ్యే ఇలాంటివాటిని ఋతుపవన మొగలు అంటున్నారు. గోవా మాండవి కూడా అదే కోవ. హుగ్లీలో పోటు చాలా బలం కాబట్టి ఎప్పుడూ మడ్డే. మన కృష్ణలో, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తే అవకాశమే రాని ఏళ్లున్నాయి. అలాంటి ఏడాది మొగకు వానాకాలం వచ్చిందనే తెలియదు.

వీటిని ఎలా లెక్కపెడతారు? బడిపిల్లలతో చేయించవచ్చా?

రకాలు గుర్తించడానికి 20 మైక్రాన్ల వలతో నీటిని వడకట్టి, అయోడిన్ ద్రావణం కలిపి మైక్రోస్కోపు కింద పెడతారు. మొత్తం ఎంతుందో తెలియాలంటే నీటిని సన్నని ఫిల్టరు గుండా పోసి, దాని మీద ఆగిన పచ్చదనాన్ని అసిటోన్‌లో కరిగించి క్లోరోఫిల్ కొలుస్తారు. ఉపగ్రహాలు సముద్రం మీద ఈ పని పైనుంచే చేస్తాయి గానీ, మొగలో బురదనూ డికాషన్ రంగునూ కూడా క్లోరోఫిల్‌గా పొరబడే ప్రమాదముంది.

పిల్లలకు అవేవీ అక్కర్లేదు. సెక్కి అనే ఇటలీ మతగురువు 1865లో వాడిన ఉపాయం చాలు. అన్నం కంచమంత తెల్లని పళ్లేనికి బరువు కట్టి, అడుగడుగుకూ ముడులు వేసిన తాడుతో నీళ్లలోకి దించాలి. పళ్లెం కనపడకుండా పోయిన లోతు రాసుకోవాలి. మధ్యాహ్నం పూట, పడవ నీడ ఉన్న వైపు నుంచి, వారానికోసారి ఒకే రేవులో. పక్కన తేదీ, తిథి, పోటో పాటో, ఆ రోజు పేపర్లో వచ్చిన ధవళేశ్వరం క్యూసెక్కులు రాయాలి. ఆరుద్ర కార్తెలో మొదలుపెట్టి దీపావళి దాటేదాకా కొనసాగిస్తే, ఒక నోటుబుక్కు నిండుతుంది.